పక్కోళ్లకొచ్చింది, మనకెందుకు రాలే?

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో, మహారాష్ట్ర సరిహద్దు గుట్టల మీద పద్నాలుగు ఊళ్లున్నాయి. పరందోళి, ముకదంగూడ, అంతాపూర్, మహారాజ్‌గూడ, లెండిగూడ... ఇక్కడ ఒక్కో ఊరికీ ఇద్దరేసి సర్పంచులు. ఒకరు తెలంగాణ సర్పంచ్, ఇంకొకరు మహారాష్ట్ర సర్పంచ్. తెలుగు బడి ఒకటుంటే మరాఠీ బడి ఇంకొకటి. ఇంట్లో రేషన్ కార్డులు రెండు, ఓటరు కార్డులు రెండు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఆదిలాబాద్, చంద్రపూర్ స్థానాలకు ఒకే రోజు, ఏప్రిల్ 11న పోలింగ్ జరిగింది. 2024లో చంద్రపూర్‌కు ఏప్రిల్ 19న, ఆదిలాబాద్‌కు మే 13న జరిగింది. రెండుచోట్లా ఓటేస్తే నేరమని అధికారులు చెబుతూనే ఉంటారు. రెండు రాష్ట్రాల పార్టీలూ ప్రచారానికి వస్తూనే ఉంటాయి.

హైదరాబాద్ రాష్ట్రంలో రాజురా తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. 1956లో భాషల వారీగా రాష్ట్రాలను విడదీసినప్పుడు అది మరాఠీ వైపు పోయింది. గీత ఎక్కడ పడాలన్న దగ్గర ఈ ఊళ్లు ఇరుక్కున్నాయి. వివాదం కోర్టు మెట్లెక్కినా తెగలేదు. ఈ పద్నాలుగు ఊళ్లనూ తమలో కలుపుకుంటామని మహారాష్ట్ర మంత్రులు 2025 జులైలో మళ్లీ ప్రకటించారు.

1956లోనే అమెరికా ఆర్థికవేత్త ఛార్లెస్ టీబూ ఒక వాదన చేశాడు. పక్కపక్కనే నాలుగైదు స్థానిక ప్రభుత్వాలుంటే, ఎక్కడ పన్ను తక్కువో, ఎక్కడ బడి బాగుంటుందో అక్కడికి జనం మకాం మారుస్తారు. జనం పోతారన్న భయంతోనైనా ప్రభుత్వాలు ఒళ్లు వంచి పనిచేస్తాయి అన్నాడు. కెరమెరి గుట్టల మీద జనం కదలాల్సిన పని కూడా లేదు. ప్రభుత్వాలే గడప దగ్గరికి వచ్చి పోటీ పడుతున్నాయి. ఒకరు నీళ్ల ట్యాంకు కడితే ఇంకొకరు రోడ్డు వేస్తారు. ఒకరు కరెంటు ఇస్తే ఇంకొకరూ తీగ లాగుతారు. టీబూ లెక్క ప్రకారం దేశం మొత్తమ్మీద ఇంతకంటే సుఖపడే పల్లెలు ఉండకూడదు.

అయినా ఆ ఊళ్లవాళ్లను కదిపితే మొదట వచ్చే మాట పింఛను కాదు, పట్టా. వీళ్లలో చాలామంది మరాఠ్వాడా కరువు రోజుల్లో వలస వచ్చినవాళ్ల సంతానం. దున్నుకుంటున్న భూమి అడవి లెక్కల్లో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనులు కానివాళ్లకు హక్కు పత్రం రావాలంటే 75 ఏళ్లుగా అక్కడే ఉంటున్నట్టు రుజువు చూపాలి. యాభై అరవై ఏళ్ల కింద వచ్చినవాళ్లు ఎక్కడినుంచి తెస్తారు? రెండు ప్రభుత్వాలు రెండు కార్డులిచ్చాయి గానీ, పట్టా విషయానికి వస్తే ఒక్కటీ ముందుకు రాలేదు.

పోటీ గుణమే అది. ఫొటోకు అందేవి, పంచిపెడితే చేతికి తగిలేవి, లెక్కపెట్టి చెప్పుకోదగ్గవి అయితే ప్రభుత్వాలు పరుగెత్తుకుంటూ ఇస్తాయి. చట్టంతో, అటవీశాఖతో, కోర్టుతో తలపడి తేల్చాల్సింది ఏదైనా ఉంటే ఇద్దరూ ఎదుటివాడి వైపు చూపిస్తారు. కెరమెరిలో రాష్ట్రాలు చేస్తున్నదే ఉమ్మడి కరీంనగర్, ఉమ్మడి ఆదిలాబాద్‌లలో జిల్లాలు, మండలాలు, పంచాయతీలు కొంచెం చిన్న ఎత్తున చేస్తున్నాయి. దాన్ని చూసే జనం 'న్యాయం' అనే మాటకు కొత్త కొలత తయారుచేసుకున్నారు. నిన్నటికంటే ఇవాళ మేలా అన్నది ఆ కొలత కాదు. పక్క మండలానికి ఏం వచ్చింది, ఏ లెక్కన వచ్చింది అన్నదే ఆ కొలత.

రెండు జిల్లాలు ఎనిమిదైన దసరా

2016 అక్టోబర్ 11, దసరా. ఆ రోజు తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. 52 మండలాల ఆదిలాబాద్ నాలుగు ముక్కలైంది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్. కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల విడివడ్డాయి. కొన్ని మండలాలు సిద్దిపేటకు, వరంగల్ వైపుకు, భూపాలపల్లికి పోయాయి. బెజ్జూరు, వేమనపల్లి నుంచి ఆదిలాబాద్ కలెక్టరేట్‌కు పోయి రావాలంటే ఎట్లుండేదో తెలిసినవాళ్లెవరూ ఆ విభజనను తప్పుపట్టరు. ఒక సంతకం కోసం రెండు రోజుల కూలి పోగొట్టుకున్న పల్లెకు కలెక్టరాఫీసు దగ్గరికి రావడమే పెద్ద న్యాయం.

కానీ అసలు కథ ఆ దసరాకు ముందు ఏడు వారాల్లో జరిగింది. ఆగస్టు 22న వచ్చిన ముసాయిదాలో కొత్త జిల్లాలు పదిహేడే. అందులో సిరిసిల్ల లేదు, ఆసిఫాబాద్ లేదు. అటు దక్షిణాన గద్వాల, జనగామ కూడా లేవు. బందులు, రాస్తారోకోలు, దీక్షలు జరిగాయి. చివరికి ఎంపీ కె. కేశవరావు నాయకత్వంలో కమిటీ వేశారు, ఆ నాలుగూ జాబితాలోకి వచ్చాయి. సిరిసిల్ల, ఆసిఫాబాద్ వాళ్లు ఆ పండగను గెలుపుగానే జరుపుకున్నారు. మరి తమను కరీంనగర్‌లోనే ఉంచాలని కొట్లాడిన హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి వాళ్లు? వాళ్లు సిద్దిపేటలోకి పోయారు. వాళ్ల దీక్షలు చిన్నవేం కాదు.

జిల్లా కావాలంటే జనాభా ఎంత ఉండాలి, విస్తీర్ణం ఎంత, పాత కేంద్రానికి దూరం ఎంత అన్న కొలత ఏదైనా పెట్టి, అది ముందే ప్రకటించి ఉంటే ఓడినవాళ్లు కనీసం దాన్ని తప్పుపట్టి వాదించేవాళ్లు. కొలత కనిపించలేదు. కాబట్టి జనం తమకు కనిపించినదాన్నే కొలతగా తీసుకున్నారు: కొట్లాడితే వస్తది, పెద్ద నాయకుడుంటే వస్తది. ఆ తర్వాత మండలాల కోసం, రెవెన్యూ డివిజన్ల కోసం ఏళ్ల తరబడి సాగిన ఉద్యమాలన్నీ ఆ పాఠం నుంచి పుట్టినవే. జనం నేర్చుకున్నది తప్పని అనలేం.

గీత పడ్డాక ఇంకో సంగతి బయటపడింది. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. గని ఏ జిల్లాలో ఉంటే రాయల్టీలో వాటా ఆ జిల్లా ట్రస్టుకే. ఉమ్మడి జిల్లా ఉన్నంతకాలం ఒకే ఖజానా. విడిపోయాక సింగరేణి గనులు పెద్దపల్లి, మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు మిగిలాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్‌లకు బొగ్గు లేదు. బొగ్గు దుమ్ము మింగేవాళ్లకే ఆ డబ్బు చెందాలన్న వాదనలో బలముంది. నాకైతే అదే సరైన లెక్క అనిపిస్తుంది. ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో ముందే రాసిపెట్టి ఉన్న కొద్ది నియమాల్లో అదొకటి. దుమ్ము పడే ఊరిదాకా ఆ డబ్బు చేరుతున్నదా అన్నది వేరే పంచాయితీ.

'మా ఎమ్మెల్యే కూడా రాజీనామా చేయాలె'

కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ మండలంలో శాలపల్లి చిన్న ఊరు. రెండు రాష్ట్ర పథకాల చరిత్రలో దాని పేరుంది. 2018 మే 10న రైతుబంధు అక్కడే మొదలైంది. మూడేళ్ల తర్వాత 2021 ఆగస్టు 16న దళితబంధు సభ కూడా అక్కడే జరిగింది. దళిత కుటుంబానికి పది లక్షల రూపాయలిస్తామన్నారు, తిరిగి కట్టాల్సిన పనిలేదన్నారు. ట్రాక్టరు కొనుక్కున్నా, డెయిరీ పెట్టుకున్నా, దుకాణం పెట్టుకున్నా వాళ్లిష్టం. దళిత కుటుంబం చేతికి ఒకేసారి పెట్టుబడి అందించే ఇంత పెద్ద ఆలోచన ఈ దేశంలో అరుదు. ఆలోచనను తక్కువ చేయడం అన్యాయం.

అయితే మొదటి నియోజకవర్గంగా హుజూరాబాద్‌నే ఎందుకు ఎంచుకున్నారు? అక్కడి ఎమ్మెల్యే ఈటల రాజేందర్ అధికార పార్టీతో విభేదించి జూన్‌లో పదవికి రాజీనామా చేశారు, ఉప ఎన్నిక రాబోతున్నది. ఇది ఎవరూ దాచలేని రహస్యం. రెండు వేల కోట్లు హుజూరాబాద్‌కు పోతుంటే, పక్కనే ఉన్న మానకొండూరు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం, ఇంకో పక్క హుస్నాబాద్ చూస్తూ ఉండాల్సి వచ్చింది. ఆ రోజుల్లో రాష్ట్రమంతా వినిపించిన మాట ఒకటుంది: 'మా ఎమ్మెల్యే కూడా రాజీనామా చేస్తే బాగుండు, ఉప ఎన్నికొస్తే మాకూ వస్తది.' కొన్నిచోట్ల ఎమ్మెల్యేల ముందే అడిగారు. నవ్వులాటగా మొదలైనా అది నవ్వులాట కాదు. జనం ప్రభుత్వ తర్కాన్ని చదివి, తమ భాషలో తిరగరాసుకున్నారు. ఈ రెండు జిల్లాల్లో ఇంతకంటే పదునైన రాజకీయ విశ్లేషణ నేను చదవలేదు.

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1973లో ఇలాంటి మనస్తత్వం మీదే ఒక వ్యాసం రాశాడు. పక్కవాడు ముందుకు పోతుంటే మొదట్లో మనకు అసూయ కలగదు, ఆశ కలుగుతుంది: వాడికి వచ్చిందంటే నాకూ వస్తది. ఎంత సేపు చూసినా మన వంతు రాకపోతే ఆ ఆశే ఆగ్రహమవుతుంది. పెళ్లిలో మొదటి బంతికి చోటు దొరకనివాళ్లు వడ్డన చూస్తూ కబుర్లు చెప్పుకుంటారు. రెండో బంతి వేయరట అని తెలిస్తే మాత్రం పందిరి నిలవదు.

దళితబంధు రెండో బంతి మరీ ఆలస్యంగా, మరీ సన్నగా వచ్చింది. తర్వాత మరో నాలుగు మండలాల్లో మొదలుపెట్టారు. చింతకాని, తిరుమలగిరి, చారగొండ, నిజాంసాగర్. నాలుగింటిలో ఒక్కటి కూడా ఉమ్మడి కరీంనగర్‌ది కాదు, ఆదిలాబాద్‌ది కాదు. ఆపైన నియోజకవర్గానికి వంద కుటుంబాలన్నారు. ఊళ్లో నూట యాభై దళిత ఇళ్లుంటే ఇద్దరికో ముగ్గురికో వచ్చింది. ఆ ముగ్గురిని ఎంచింది ఎవరు? ఎమ్మెల్యే. అప్పటిదాకా నియోజకవర్గాల మధ్య ఉన్న ప్రశ్న ఒకే వాడలో ఇంటికీ ఇంటికీ మధ్యకు దిగింది. అన్యాయం అన్న భావన పెరిగినచోట పథకం పుచ్చుకున్నవాడు కూడా తలెత్తుకుని చెప్పుకోలేడు. 'వాడికెట్లొచ్చిందో మాకు తెల్వదా' అన్న మాట వెంటాడుతుంది.

హుజూరాబాద్ ఉప ఎన్నికకు 2021 అక్టోబర్ 30న పోలింగ్ జరిగింది. ఈటల దాదాపు 24 వేల ఓట్ల మెజారిటీతో గెలిచారు. ఆ ఫలితానికి కారణాలు చాలా ఉన్నాయి. పథకం ఒక్కదాని మీద పెట్టలేం. కానీ డబ్బు పెట్టిన చోట కృతజ్ఞత మొలుస్తుందన్న నమ్మకం మాత్రం అక్కడ దెబ్బతిన్నది.

ముందున్నవాళ్లకు బహుమతి, వెనకున్నవాళ్లకూ బహుమతి

చైనాలో జిల్లా, రాష్ట్ర అధికారులు అభివృద్ధి అంకెల మీద పోటీపడి పదోన్నతులు పొందుతారని అక్కడి ఆర్థికవేత్త జౌ లీఆన్ సిద్ధాంతీకరించాడు. మన కలెక్టర్ల పదోన్నతికి అంకెలతో అంత సంబంధం లేదు గానీ, ర్యాంకుల జ్వరం మాత్రం ఇక్కడా సోకింది. స్వచ్ఛ సర్వేక్షణ్ గ్రామీణ్‌లో పెద్దపల్లి 2018లో దేశంలో మూడో స్థానం, 2019లో మొదటి స్థానం తెచ్చుకుంది. పుట్టి మూడేళ్లయిన జిల్లాకు అది చిన్న గౌరవం కాదు. మరుగుదొడ్లు, ఇంకుడు గుంతలు, మురుగు లేని వీధులు నిజంగానే వచ్చాయి. పక్క జిల్లాల అధికారులు కూడా పరుగందుకున్నారు. ఈ పోటీలో మంచి లేదనడం మొండితనం.

ఇక్కడ కూడా ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఆ వీధులు ఊడ్చిన పంచాయతీ కార్మికులకు నెలకు పదివేలు కూడా ముట్టేవి కావు, అవి కూడా నెలనెలా రావు. 2023 జులైలో రాష్ట్రవ్యాప్తంగా వాళ్లు చీపుళ్లు పక్కనపెట్టి సమ్మెకు దిగారు. ర్యాంకు జిల్లాది, అవార్డు అధికారిది, చెత్తబండి కార్మికుడిది. ర్యాంకు ఇచ్చే పట్టికలో మురుగు కాలువకు గడి ఉంది, జీతం అందిందా అన్నదానికి గడి లేదు.

అదే కాలంలో పల్లె ప్రగతి కింద ప్రతి పంచాయతీకి ఒక ట్రాక్టరు, ఒక నర్సరీ, ఒక డంపింగ్ యార్డు, ఒక వైకుంఠధామం వచ్చాయి. వాటి మీద వచ్చిన విమర్శలు వేరే. కట్టించిన సర్పంచులు చాలామంది అప్పుల పాలై బిల్లుల కోసం ఏళ్ల తరబడి తిరిగారు. అయితే గమనించాల్సింది ఒకటుంది: 'వాళ్లకు ట్రాక్టరొచ్చింది, మాకెందుకు రాలే' అన్న మాట ఎక్కడా వినలేదు. అందరికీ ఒకటే అన్నప్పుడు పక్కూరి వైపు చూడాల్సిన అవసరమే పడలేదు. ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ మండలం ముఖరా (కె) లాంటి ఊరు ఆ చెత్తతోనే వర్మీకంపోస్టు చేసి, అమ్మిన డబ్బుతో సోలార్ పలకలు పెట్టుకుని పేరు తెచ్చుకుంటే, ఈర్ష్యపడినవాళ్లకంటే చూసిపోదామని వెళ్లినవాళ్లే ఎక్కువ. ఒకే చోట నుంచి బయలుదేరారని తెలుసు కాబట్టి ఆ గెలుపును ఎవరూ శంకించలేదు.

వెనకబడినందుకు నిధులొచ్చే దారి ఇంకొకటి. 2018 జనవరిలో కేంద్రం ఎంచిన ఆకాంక్షిత జిల్లాల్లో తెలంగాణ నుంచి మూడున్నాయి. అందులో ఆసిఫాబాద్ ఒకటి. 2023లో అదే పద్ధతిని బ్లాకులకు తెచ్చారు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్, ఆసిఫాబాద్ జిల్లా తిర్యాణి ఆ జాబితాలోవే. ఇక్కడ ర్యాంకు ఇచ్చేది ఎంత ఎత్తున ఉన్నారని కాదు, ఎంత ఎదిగారని. నార్నూర్‌లో చేసిన పనికి 2025 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి ఎక్సలెన్స్ అవార్డు వచ్చింది. గోండు, కొలాం, లంబాడా పల్లెల్లో గర్భిణుల నమోదు, పోషకాహారం మెరుగైతే ఎవరు కాదంటారు? కాకపోతే నార్నూర్‌ను ఆనుకుని అంతే పేదగా ఉండి, జాబితాకు ఎక్కని గూడేల వైపు నుంచి చూడండి. గీతకు ఇవతల బిడ్డకూ, అవతల బిడ్డకూ రక్తహీనత ఒకటే.

జిల్లాకొకటి అన్నాక

తెలంగాణలో జిల్లాల పోటీ ఎక్కువగా కనిపించింది వైద్య కళాశాలల మీద. ఆదిలాబాద్ రిమ్స్ 2008 నుంచి ఉంది. 2022 నవంబర్‌లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండం. 2023 సెప్టెంబర్‌లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్. రెండు పాత జిల్లాల్లోంచి పుట్టిన ఎనిమిదింటికీ ఇప్పుడు కళాశాల ఉంది. జిల్లాకొకటి అన్న నియమం బయటికి చెప్పాక ధర్నాలు పెద్దగా కనిపించలేదు. పెద్దపల్లి జిల్లా కళాశాల జిల్లా కేంద్రంలో కాకుండా సింగరేణి డబ్బుతో రామగుండంలో వచ్చినా సర్దుకున్నారు. కానీ బోర్డు సమానమైనంత మాత్రాన డాక్టరు సమానం కాడు. 2025లో రాష్ట్రంలోని చాలా ప్రభుత్వ వైద్య కళాశాలలకు అధ్యాపకుల కొరత మీద జాతీయ వైద్య కమిషన్ నోటీసులిచ్చింది. ఆసిఫాబాద్ నుంచి పెద్ద జబ్బుకు మంచిర్యాలకో, కరీంనగర్‌కో, మహారాష్ట్రలోని చంద్రపూర్‌కో పోవడం ఆగలేదు.

ఆదిలాబాద్ పట్టణానికి ఇంకో రకం బాధ. ఒకప్పుడు మొత్తం జిల్లాకు అదే పెద్ద. 2025లో మంచిర్యాల నగరపాలక సంస్థ అయింది. ఆదిలాబాద్ మున్సిపాలిటీగానే ఉంది. రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడి 2021లో మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టింది. కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగి 2018లో తెరుచుకుంది. ఆదిలాబాద్‌లో తొంభైలలో మూతపడిన సిమెంట్ ఫ్యాక్టరీ మాత్రం తెరుచుకోలేదు. 'అవి తెరిచారు కదా, ఇదెందుకు తెరవరు' అని ప్రతి ఎన్నికలోనూ అడుగుతారు, ప్రతి ఎన్నికలోనూ హామీ వస్తుంది. ఒక్కో పరిశ్రమ లెక్కలు ఒక్కోలా ఉంటాయన్నది నిజమే. ఆ లెక్కలేమిటో ఆదిలాబాద్ జనానికి కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదన్నదీ అంతే నిజం.

పోటీ లేకపోతే పది లక్షలు

అన్నిటికంటే విచిత్రమైన పోటీ పంచాయతీలది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు, గూడేలు ఎన్నో సొంత పంచాయతీలయ్యాయి. ఉమ్మడి ఆదిలాబాద్‌లో దాని విలువ ఎంత చెప్పినా తక్కువే. పెద్ద ఊరి దొర దగ్గరికో, పటేల్ దగ్గరికో పోయి నిలబడాల్సిన గూడెం తన సర్పంచ్‌ను తానే ఎన్నుకుంది. ఆ చట్టం కింద 2019 జనవరిలో జరిగిన మొదటి ఎన్నికలప్పుడే, ఏకగ్రీవం చేసుకున్న ఊరికి పది లక్షల ప్రోత్సాహకం అన్నారు. అంటే పోటీ పెట్టుకున్న ఊరు పది లక్షలు పోగొట్టుకున్నట్టు. ఊళ్ల మధ్య పోటీ పెంచడానికి ఊరి లోపల పోటీ ఆపమన్నారు. కొన్నిచోట్ల సర్పంచ్ పదవికి గుడి దగ్గర వేలంపాట పాడారు. రిజర్వేషన్ మీద ఒక పేద మహిళకు వచ్చిన అవకాశాన్ని 'ఊరి మంచికోసం' వదులుకోమన్నప్పుడు ఆమెకు ఎదురుచెప్పే దారి ఎక్కడిది? ఆ పది లక్షలైనా అందాయా అంటే, చాలా పంచాయతీలు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాయి.

ఆ పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్రం ఆర్థిక సంఘం నిధులు ఆపింది. బీసీలకు 42 శాతం రిజర్వేషన్ జీవో మీద హైకోర్టు 2025 అక్టోబర్‌లో స్టే ఇచ్చాక, పాత 50 శాతం పరిమితిలోనే డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా ఎన్నికలు జరిగాయి. కొత్త సర్పంచులు వచ్చారు. మళ్లీ అవార్డులొస్తాయి, ర్యాంకులొస్తాయి, పక్కూరి బోర్డు మన ఊరికంటే పెద్దగా కనిపిస్తుంది.

2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. మీ ఊళ్లో డప్పు చాటింపు విన్నప్పుడు పోండి. ఎంత వచ్చింది అని అడిగితే ఏదో ఒక అంకె చెప్పి పంపుతారు. ఈ ఇల్లు, ఈ పింఛను, ఈ రోడ్డు ఏ లెక్కన వీళ్లకొచ్చింది, ఆ లెక్క ఎక్కడ రాసి ఉంది, మా వంతు ఎప్పుడు అని అడగండి. జవాబును తీర్మానం పుస్తకంలో రాయించండి.